ప్రాణహిత రేవుల్లో పడవలను చూసే నాథుడెవరు?

ఆటోకు లైటు లేకపోతే చలానా రాస్తారు. బస్సుకు ఫిట్‌నెస్ చూస్తారు. మనుషులను, మోటారు సైకిళ్లను, మూటలను ఒక్కచోటే ఎక్కించుకొని ప్రాణహిత దాటే నాటుపడవను మాత్రం తట్టి చూసే అధికారి కనపడడు.

2019 డిసెంబరులో గూడెం రేవు దగ్గర నాటుపడవ బోల్తాపడి ఇద్దరు అటవీ బీటు అధికారులు ప్రాణాలు కోల్పోయారు. అది వరదల కాలం కూడా కాదు. సర్కారు ఉద్యోగులకే ఈ గతి పడితే సంతకో చుట్టాలింటికో పోయే కూలీనాలీ సంగతేమిటి?

వంతెనలు వచ్చాయి కదా అనేవారున్నారు. కాళేశ్వరం వద్ద గోదావరిపైన, ఆ తర్వాత ప్రాణహితపైన వంతెనలు లేచిన మాట వాస్తవమే. సిరోంచ పోయేవారికి పడవ గండం చాలావరకు తప్పింది. కాని నది పొడవునా ఊళ్లున్నాయి. అవతలిది మహారాష్ట్ర అయినా అక్కడా తెలుగు మాట్లాడేవారున్నారు, ఇటూ అటూ వియ్యాలున్నాయి. ఎదురుగా కనిపించే ఊరికి వంతెన మీదుగా చుట్టి పొమ్మంటే ఎవరు పోతారు? రేవుకే వస్తారు.

1917 నాటి ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ఇంజనున్న పడవలకే వర్తించేది. తెడ్డు పడవను అది ముట్టుకోలేదు. దాని స్థానంలో 2021లో పార్లమెంటు చేసిన చట్టం 2022లో అమల్లోకి వచ్చింది. ఇంజను లేని పడవలనూ నమోదు చేయాలని అందులో ఉంది. ఆ పనిని రాష్ట్ర ప్రభుత్వం స్థానిక సంస్థలకు అప్పగించవచ్చు. ఇక నాటుపడవకు డీజిల్ ఇంజను బిగిస్తే అది మరపడవే, సర్వే తప్పదు. కాబట్టి ‘మా పరిధిలోకి రాదు’ అన్న మాట ఇకపై చెల్లదు.

తనిఖీ అంటే బ్రహ్మవిద్య కాదు. పలకల సందుల్లో నార ఊడిందా? తారు రాలిందా? ఖాళీగా ఉన్నప్పుడే అడుగున నీరు ఊరుతోందా? డబ్బాతో నీళ్లు తోడుకుంటూ నడిపే పడవ జనాన్ని ఎక్కించుకోదగింది కాదు. అన్నిటికంటె ముఖ్యం బరువు. పడవ పక్కన తెల్లరంగుతో గీత గీసి, ఎందరెక్కవచ్చో అంకె రాయాలి. గీత నీట మునిగితే పడవ కదలరాదు. చదువు రాని వానికి కూడా గీత కనపడుతుంది. మోటారు సైకిలు ఎక్కితే ఆ బరువుకు తగ్గట్టు మనుషులు దిగాలి. బాసరలో యాత్రికులను తిప్పే పడవలకూ ఇదే కొలత పెట్టవచ్చు.

అయితే కాగితమొక్కటే కాపాడదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద విహార పడవ మునిగిన నాడు గోదావరి వరద మీద ఉంది. మన పొరుగున వరంగల్ పక్కనున్న కడిపికొండవాసులు కూడా అందులో పోయారు. ఆ పడవను ఆ రోజు ఒడ్డునే ఆపవలసింది. ప్రాణహిత కూడా నమ్మదగింది కాదు. వార్ధా, వైన్‌గంగల నీరు కలిసి వచ్చే నది ఇది. పైన వాన పడితే ఇక్కడ చినుకు లేకున్నా పొంగుతుంది. రేవు మూయించే అధికారం ఎవరిదో ముందే తేల్చి, ఆ పేరు రేవులో బోర్డు మీద రాయాలి.

పడవ నడిపేవారి భయమూ న్యాయమైనదే. తనిఖీ అంటే మామూళ్లని వారి అనుమానం. పడవ కట్టేస్తే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకే నమోదు రుసుము నామమాత్రంగా ఉండాలి. జాకెట్లు పంచాయతీయే కొని రేవులో ఉంచాలి. రేవు వేలం ఉన్నచోట పాట సొమ్ములోంచే ఆ ఖర్చు పెట్టవచ్చు. ఎండాకాలం నీరు తగ్గి పడవలను ఇసుక మీదికి లాగినప్పుడు అడుగంతా కనపడుతుంది. తనిఖీ అధికారి రావలసింది అప్పుడే.