పుట్టుకా? పెంపకమా? ఓ చిన్న పురుగు సాక్ష్యం

“వీళ్ళకు చదువు ఒంటబట్టదు, అది పుట్టుకతో రావాలి.” హాస్టల్ పిల్లల గురించి ఈ మాట అనేవాళ్ళు నేటికీ ఉన్నారు. ఊళ్ళోనో, బస్సులోనో మేమందరం ఏదో ఒకరోజు విన్నవాళ్ళమే. వినగా వినగా మాలో కొందరు దాన్ని నమ్మడం మొదలుపెడతారు. అదే అసలు నష్టం. ఈ మాటకు కోపంతో కాదు, సైన్సుతో జవాబు చెప్పాలని మా అభిప్రాయం. ఆ జవాబు ఒక మిల్లీమీటరు పొడవుండే నులిపురుగు దగ్గర దొరుకుతుంది.

దాని పేరు సి. ఎలిగాన్స్. బ్యాక్టీరియాను తిని బతుకుతుంది. గుడ్డులోంచి వచ్చాక సుమారు మూడు రోజుల్లో పెద్దదవుతుంది. మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలుంటే, దీని ఒళ్ళంతా కలిపి ఉన్నవి 302. ఏ కణం దేనితో కలుస్తుందో 1986లోనే శాస్త్రవేత్తలు పటం గీశారు. సాధారణంగా ఈ పురుగు జత లేకుండానే సంతానాన్ని కంటుంది. అందువల్ల ఒకే వంశపు పురుగుల జన్యువులు దాదాపు ఒక్కటే. అంటే పుట్టుకలో తేడా లేదు.

కెనడాలోని వాంకూవర్ నగరంలో, బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన కేథరిన్ రాంకిన్ బృందం 2005లో ఒక పరిశోధన ప్రచురించింది. కొన్ని పురుగులను పళ్ళేనికి ఒకటి చొప్పున, మరికొన్నింటిని 30, 40 కలిపి ఒకే పళ్ళెంలో పెంచారు. తిండికి ఎక్కడా లోటు లేదు. గుంపులోనివి ఒకదానికొకటి తగులుతూ పెరిగాయి, ఒంటరి వాటికి ఆ స్పర్శ లేదు. పెద్దయ్యాక పళ్ళేలను తట్టి చూశారు. తడితే వెనక్కి జరగడం ఈ పురుగు స్వభావం. ఒంటరిగా పెరిగినవి తక్కువ దూరం జరిగాయి. వాటి ఒళ్ళు కూడా పొట్టిగానే ఉంది. నాడీకణాలు కలిసే చోటును సినాప్స్ అంటారు. అక్కడ గ్లుటమేట్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాలు కూడా వాటిలో తక్కువగా కనిపించాయి.

ఇంకా గొప్ప విషయం ఉంది. ఎదిగే వయసులో ఒంటరి పురుగుల పళ్ళేలను కాసేపు కుదిపితే చాలు, ఆ లోపాలు చాలావరకు సర్దుకున్నాయి. అదే బృందం 2007లో మరో సంగతి తేల్చింది. కొన్ని లోపాలు ఎదిగే దశలో ఎప్పుడు కుదిపినా సర్దుకుంటాయి. మరికొన్ని మాత్రం తొలి దశల్లో కుదిపితేనే సర్దుకుంటాయి.

“మొక్కై వంగనిది మానై వంగునా” అన్నారు పెద్దలు. పురుగు చెప్పేదాన్ని బట్టి ఆ సామెత సగమే నిజం. తొలినాళ్ళ విలువ గొప్పదే, కానీ ఆలస్యమైనంత మాత్రాన అన్ని తలుపులూ మూసుకుపోవు.

మనిషి పురుగు కాదు. పురుగుకు తగిలే కుదుపూ పసివాడికి కావలసిన ఆదరణా ఒకటేనని మేము అనడం లేదు. కానీ 302 కణాల ప్రాణిలోనే పెంపకం ఇంత మార్పు తెస్తే, ఒక పిల్లవాడు పాఠం అప్పజెప్పలేదని అతని పుట్టుకను నిందించడం ఏం న్యాయం?

తిండి సరిపోయినా ఆ పురుగులకు ఏదో లోటయింది. హాస్టల్ అంటే అన్నం, దుప్పటి, ట్రంకుపెట్టె మాత్రమే కాదని మేము గట్టిగా చెబుతున్నాం. అమ్మను వదిలి కొత్తగా చేరిన పిల్లవాడు మొదటి నెలల్లో మూలన ఒంటరిగా కూర్చోకూడదు. ప్రతి పెద్ద తరగతి విద్యార్థీ ఒక చిన్న తరగతి తమ్ముడిని తన వాడనుకోవాలి. స్టడీ అవర్‌లో పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి, ప్రశ్నలడగనివ్వాలి, ఆటలో కలుపుకోవాలి. పూర్వ విద్యార్థులైన అన్నలు వార్షికోత్సవానికే కాక, వీలైన ఆదివారం కూడా వచ్చి ఒక గంట మాట్లాడిపోవాలి. వీటికి నిధులక్కర్లేదు, మనసుంటే చాలు.

సోదరులారా! పుట్టుక మన చేతుల్లో లేదు. పక్క మంచం మీది తమ్ముడి పెంపకంలో మాత్రం మన వంతు ఉంది. ఆ వంతు ఈ రోజే మొదలుపెడదాం.