కొండ మీది దొర, కౌంటర్ ముందు రైతు

భుజమ్మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, పాసుపుస్తకం కోసం ఆఫీసు గదిలోకి అడుగుపెట్టే ముసలి రైతులు కోటబొమ్మాళి వైపు ఊళ్లలో ఇంకా కనిపిస్తారు. బల్ల అవతల కూర్చున్నది మనవడి ఈడు కుర్రాడైనా నోట వచ్చే పిలుపు ‘బాబూ’, గొంతు పూడుకుపోతే ‘దొరా’.

దొర అంటే ఏలేవాడు. కన్నడంలో దొరె, తమిళంలో దురై దీని చుట్టాలే. పాత తెలుగులో ‘దొరతనం’ అంటే ప్రభుత్వమే. ఇంగ్లీషువాళ్లు వచ్చాక తెల్లవాడల్లా దొరయ్యాడు, అతని భార్య దొరసాని అయింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్‌ను గోదావరి రైతులు నేటికీ కాటన్ దొర అంటారు. అది ప్రేమతో అన్న మాట. తెలంగాణ పల్లెల్లో గడీలో కూర్చున్న దొర పేరు చెబితే మాత్రం వెట్టిచాకిరీ గుర్తొస్తుంది.

మన్యంలో కథ వేరు. అక్కడ దొర ఎవరో ఇచ్చిన బిరుదు కాదు, ఇంటి మనిషి పేరు. కొండదొరలు, ముఖదొరలు షెడ్యూల్డ్ తెగలు. 1922–24 మన్యం పోరాటంలో అల్లూరి సీతారామరాజు పక్కన నిలిచింది గాం గంటందొర, గాం మల్లుదొర. గంటందొర పోరులోనే ప్రాణాలు విడిచాడు. జైలుశిక్ష అనుభవించిన మల్లుదొర 1952లో లోక్‌సభ సభ్యుడయ్యాడు. తెల్లదొరలతో తలపడిన ఈ దొరల దగ్గరే ఆ మాట అందంగా ఉంది.

మైదానంలో దొరతనం అంత తేలిగ్గా పోలేదు. మందస జమీందారీ అడవిలో కట్టెల కోసం రైతులు చేసిన పోరాటంలో 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు గున్నమ్మ అనే రైతు మహిళ బలైంది. జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఆ తర్వాత వచ్చిన రాజ్యాంగం 18వ అధికరణంలో బిరుదులనే రద్దు చేసింది.

చట్టం బిరుదును తీసేసింది గానీ ‘దొరా’ అనే గొంతులోని భయాన్ని తీయలేదు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అని ఊరివాళ్లు ఊరికే అనలేదు. ఆఫీసరుకు ‘గారు’ చాలు. అదే ‘గారు’ రైతుకూ దక్కాలి. ‘ఏటి, ఏం పని?’ అని తల ఎత్తకుండా అడిగే అలవాటు మానాలి. ‘దొరా’ అన్న ముసలాయన్ని అక్కడే ఆపి, ‘ఆ మాట వద్దు తాతా, ఇలా కుర్చీలో కూర్చోండి’ అనడానికి ఏ జీవో అక్కర్లేదు.