ముఖం కావాలి, ఊపిరి అక్కర్లేదు

తెల్లవారుజామున హైదరాబాద్ రోడ్డు మీదికి చీపురుతో వచ్చిన ఆడమనిషి మొదట చేయాల్సిన పని ఊడవడం కాదు, ఫోన్ ముందు ముఖం పెట్టడం. ముఖం గుర్తిస్తేనే హాజరు. చీకట్లో సరిగా పడకపోయినా, సిగ్నల్ లేకపోయినా మళ్లీ నిలబడాలి. జీహెచ్ఎంసీ 2024లో ఈ పద్ధతి తెచ్చింది. కారణం అడిగితే దొంగ హాజరులంటారు. నిజమే, దొంగ హాజరులు పడ్డాయి. నకిలీ వేలిముద్రలు తయారుచేయించి లేని మనుషుల పేరు మీద జీతాలు తిన్నారు. ఆ కేసుల్లో పట్టుబడింది ఎవరు? ఊడ్చేవాళ్ల మీద పెత్తనం చేసే ఫీల్డ్ అసిస్టెంట్లు. మరి రోజూ ముఖం చూపించి నిజాయతీ నిరూపించుకోవాల్సింది ఎవరు? ఊడ్చే ఆవిడ.

ఆ ముఖాన్ని అంత శ్రద్ధగా చూసే యంత్రానికి, అదే ముఖానికి ఉన్న ముక్కులోంచి ఎంత దుమ్ము లోపలికి పోతోందో పట్టదు. ఆ లెక్క తీసే యాప్ ఎవరూ చేయించలేదు. దానికి టెండర్ పిలిచిన వాడు లేడు. పాల లెక్క చూసుకునే ఆసామి కూడా గేదె దగ్గితే పశువుల డాక్టర్‌ని పిలుస్తాడు కదా!

చండీగఢ్‌లో, నాగపూర్‌లో పారిశుద్ధ్య కార్మికుల మణికట్లకు జీపీఎస్ గడియారాలు కట్టారు. మనిషి ఎక్కడుందో, ఎంతసేపు కదలకుండా ఉందో ఆఫీసులో తెర మీద చుక్కగా కనిపించేది. మూత్రానికి వెళ్లిన పది నిమిషాలకు కూడా ఎవరికో జవాబు చెప్పుకోవాలా? ఆ అవమానాన్ని వాళ్లు రోడ్డెక్కి చెప్పారు. విన్నదెవరు? ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఫొటో ఎక్కకపోతే కూలి పడదు. మే నెల ఎండలో రెండో ఫొటో కోసం పడిగాపులు కాసే కూలీకి నీడ ఉందా, తాగడానికి నీళ్లున్నాయా అన్నది మాత్రం ఏ ఫొటోలోనూ ఎవరూ వెతకరు.

ఇక హర్యానాలోని మానేసర్‌లో అమెజాన్ గోదాము సంగతి. 2024 మేలో అక్కడ టీ విరామం కాగానే కార్మికుల చేత ప్రమాణం చేయించారని బయటికొచ్చింది. 24 అడుగుల ట్రక్కులు ఆరింటిలోని సరుకు దించేదాకా నీళ్లు తాగబోము, మరుగుదొడ్డికి పోబోము అని. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుని నోటీసు ఇచ్చింది. ఎండాకాలపు గోదాములో బరువులెత్తే వాడు దాహాన్నీ మూత్రాన్నీ బిగబట్టుకుంటే కిడ్నీ ఏమవుతుందో చెప్పడానికి డాక్టరే కానక్కర్లేదు.

యజమానులకు కార్మికుడు ఎక్కడున్నాడో క్షణక్షణం తెలుస్తుందని అనుకుంటాం. అబద్ధం. డబ్బు కోయడానికి అవసరమైనంత మేరకే తెలుస్తుంది. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు ఆ సంగతి బట్టబయలైంది. మాత్రల తయారీలో వాడే సెల్యులోజ్ పొడి చేసే చోటది. సన్నటి పొడి గాలిలో లేచి, నిప్పు తగిలితే బాంబై పేలుతుంది. ఇది ఎప్పటినుంచో తెలిసిన శాస్త్రమే. భవనం కూలిపోయింది. లోపల ఎంతమంది ఉన్నారయ్యా అంటే పూటకో లెక్క చెప్పారు. బీహార్ నుంచి, ఒడిశా నుంచి, ఉత్తరప్రదేశ్ నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన వాళ్లు. కాంట్రాక్టర్ చేతి కింద కాంట్రాక్టర్. ఎవరి పుస్తకంలో ఎవరి పేరుందో! తల్లులు, భార్యలు ఫ్యాక్టరీ గేటు దగ్గరా, పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గరా ఫొటోలు పట్టుకుని తిరిగారు. కాలిపోయిన శరీరాలకు డీఎన్ఏ పరీక్షలు చేసి పేర్లు పెట్టారు. ఎనిమిది మంది ఆనవాలు దానికి కూడా చిక్కలేదు. వాళ్ల ఇళ్లవాళ్లను మూడు నెలలాగి రమ్మని ఊళ్లకు పంపారు. పోయినవాళ్లు యాభైమంది దాటారు. రాకపోతే కూలి కోయడానికి పనికొచ్చే హాజరు, చచ్చిపోతే లెక్క చెప్పడానికి ఎందుకు పనికిరాలేదు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన వాళ్లు ఆ వారం పోయిన ఒక్కొక్కరికీ కోటి రూపాయల పరిహారం ప్రకటించి పక్కకు తప్పుకున్నారు.

అంతకు ముందు, 2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో సైరన్ ఉంది. మోగించలేదు. హైపవర్ కమిటీయే ఆ మాట రాసింది.

పేలుళ్లు కనీసం పేపర్లో వస్తాయి. షాద్‌నగర్ వైపు పలుగురాయి మిల్లుల్లో పొడి పీల్చి చచ్చేవాడు పేపర్లోకి కూడా రాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుని మనిషిని మెల్లగా చంపుతుంది. సిలికోసిస్ అంటారు. మందు లేదు. ఆసుపత్రికి వెళితే చాలాసార్లు టీబీ అని రాస్తారు. టీబీ అయితే మిల్లు యజమానికి పైసా ఖర్చు లేదు. ఆ మందులు మింగుతూ, తగ్గడం లేదేమని తనను తానే తిట్టుకుంటూ పోతాడు. ఇది ఇప్పటి జబ్బు కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్ పేరుండేది. అది కనిపెట్టిన డాక్టర్ ప్రభుత్వానికి తెలియజేయాలనీ ఉండేది. భోపాల్ గ్యాస్ లీకులో పోయినవాళ్ల శవాల మీద 1987లో ఇంకో నిబంధన చేర్చారు. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసే వాడి ఆరోగ్య రికార్డులు రాసి ఉంచాలి, అడిగితే అతనికి చూపాలి అని. అడగడానికి అలాంటి రికార్డు ఒకటి ఉంటుందని కాంట్రాక్ట్ కూలీకి చెప్పినవాడెవడు? అడిగితే మర్నాడు గేటు లోపలికి రానిస్తారా?

మనిషి ముఖం, వేలిముద్ర, ఉన్న చోటు, ఆగిన నిమిషం అన్నీ యజమాని దగ్గర. ఆ మనిషి ఛాతీ ఎక్స్‌రే కూడా యజమాని డాక్టర్ దగ్గరే. కార్మికుడి దగ్గర దగ్గు ఒక్కటే మిగిలింది.

చట్టాలేమో అటే మొగ్గుతున్నాయి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో చెప్పింది. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఉద్యోగ అవసరాల కోసమైతే యజమాని కార్మికుడి అనుమతి అడగకుండానే సమాచారం వాడుకోవచ్చని దారి ఇచ్చింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్, కరెంటు వాడే ఫ్యాక్టరీ అనిపించుకోవాలంటే పదిమంది కాదు, ఇరవైమంది ఉండాలంది. ఊపిరి పోయే పలుగురాయి మిల్లుల్లాంటి చోట ఇరవైమంది ఎప్పుడున్నారు గనక?

కార్మిక శాఖ మంత్రులు ఒక పని చేయాలి. మన రెండు రాష్ట్రాల్లో గత పదేళ్లలో ఎంతమంది సిలికోసిస్ రోగుల గురించి డాక్టర్లు రాశారు, ఎన్ని మిల్లుల మీద చర్య తీసుకున్నారు, ఎంతమందికి పరిహారం ముట్టింది అన్నది జిల్లాల వారీగా బయటపెట్టాలి. ఊడ్చే ఆవిడ ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఆ కబురు అప్పటికప్పుడు పై ఆఫీసుకు చేర్చగలిగిన ప్రభుత్వాలకు ఈ జాబితా ఇవ్వడానికి ఎంత గడువు కావాలో వాళ్లే చెప్పాలి.