మాలి ఎవరు, పండు ఎవరిది?

ఎన్నికలు రాగానే మన పూర్వభాగ్‌లో, సాకర్ పేట నుంచి కుచన్ నగర్ దాకా, ఒకటే ఉపమానం. నాయకుడు తోటమాలి, మనం మొక్కలం. ఆయన నీళ్లు పోస్తే మనం పూస్తాం. విని చప్పట్లు కూడా కొడతాం.

ఈ పోలిక పాతదే. ఉద్యోగపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెప్పాడు: ప్రజల దగ్గర సొమ్ము తీసుకునే రాజు పూలు కోసే మాలాకారుడిలా ఉండాలి గాని, చెట్టును వేళ్లతో పెకలించే బొగ్గులవాడిలా కాదని. మంచి మాటే. అయితే ఆ పూలు చేరేది ఎవరి బుట్టలోకి? ఆ సంగతి విదురుడూ దాచలేదు.

మన జిల్లా దానిమ్మకు పేరు. జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రాన్ని 2005లో ఇక్కడే పెట్టారు. దానిమ్మ రైతు బహార్ ఎట్లా పడతాడో చూశారా? నెల, నెలన్నర చెట్టుకు నీళ్లు బంద్ చేస్తాడు. దాన్నే 'తాణ్' అంటారు. చెట్టు వాడి ఆకు రాలుస్తుంది. అప్పుడు కొమ్మలు కత్తిరించి, ఎరువేసి, నీళ్లు వదులుతాడు. దప్పిగొన్న చెట్టు ఒక్కసారిగా పూస్తుంది, అదీ రైతు కోరిన కాలంలో. రైతును తప్పుపట్టను, అది అతని బతుకు. కాని ఉజని డ్యామ్ ఉన్న జిల్లాలో నల్లా నాలుగైదు రోజులకొకసారి రావటం ఏళ్ల తరబడి చూశాం. గల్లీ పొడుగునా డ్రమ్ములు, బిందెలు. ఓట్ల ముందు మాత్రం ట్యాంకర్లు, కొత్త పైపులు, రోడ్డు మీద డాంబరు. ఇది తాణ్ కాదా? మనం పూయటం లేదా?

"మాలి మనవాడైతే..." అంటారు పెద్దలు. అయ్యాడు కదా! 1980, 84లలో గంగాధర్ కుచన్, 1989, 91లలో ధర్మణ్ణ సాదుల్, 1996లో లింగరాజ్ వల్యాల్ లోక్‌సభకు వెళ్లారు. వాళ్లను చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. మనవాళ్లు ఢిల్లీలో కూర్చున్నంత మాత్రాన మరమగ్గం ముందు పన్నెండు గంటలు నిలబడేవాడి కూలి గొడవ, పీఎఫ్ గొడవ తీరలేదు. 2009 నుంచి ఆ సీటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వు. తోట చేజారిందని నిట్టూర్చేవారిని అడుగుతున్నాను, ఏ తోట?

మన ఇళ్లలో బీడీలు చుట్టే ఆడవాళ్లను చూడండి. మోర్చాలు తీశారు, తమ వాటా సొమ్ము తామే కట్టారు. 2006 నాటికి కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరిట పదివేల ఇళ్లు లేచాయి. ముందు నడిచిన ఆడం నర్సయ్య ఎర్రజెండా అందరికీ నచ్చాలనేం లేదు. ఆయన మూడేళ్లకే, 2009లో, అసెంబ్లీ ఎన్నికల్లో ఓడిపోయాడు. తోట పండితులు దీన్ని కృతఘ్నత అంటారు. నేననను. కొట్లాడి సాధించుకున్న ఇంటికి ఓటుతో బాకీ తీర్చాలని ఎక్కడుంది?

ఈసారి మాలి వేషంలో ఎవరొచ్చినా దండ వేసే ముందు అడుగుదాం: మా గల్లీకి నల్లా ఏ వారం, ఏ గంటకు, ఎంతసేపు? ఓట్లు పడిన మూడో నెలలో కూడా అదే వేళకు వస్తుందా? కాగితం మీద రాసి సంతకం పెట్టమందాం. మరాఠీలో రాసినా సరే.