పొట్టలో పట్టీ వేసేవారు సరే, తర్వాత చూసేదెవరు?

కిందటి నెల ఒక తల్లీకూతుళ్ళు మా దవాఖానాకు వచ్చారు. అమ్మాయికి ఇరవై మూడేళ్ళు. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, బరువు 78 కిలోలు. నాలుగు నెలల్లో నిఖా. "హకీం సాబ్, పొట్టలో బెలూన్ పెడితే ఆరు నెలల్లో పదిహేను కిలోలు తగ్గుతుందట. కోత కూడా ఉండదట. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారట. పెట్టించమంటారా?" అని తల్లి అడిగింది. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. ఈ ప్రశ్న ఆ ఒక్క ఇంటిది కాదు కనుక నాకు తోచిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

బరువు తగ్గించడానికి శరీరం లోపల పెట్టే సాధనాల్లో అన్నిటికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నది జీర్ణాశయానికి వేసే పట్టీ. ఇది సిలికాన్‌తో చేసింది. పొట్ట మీద చిన్న చిన్న రంధ్రాలు చేసి, కెమెరాతో చూస్తూ, జీర్ణాశయం పైభాగానికి నడికట్టులా చుడతారు. పట్టీ లోపలి అంచున సన్నని తిత్తి ఉంటుంది. దాని నుంచి ఒక గొట్టం వచ్చి చర్మం కింద కుట్టిన పోర్ట్ అనే బిళ్ళకు కలుస్తుంది. డాక్టరు ఆ బిళ్ళలోకి సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. పట్టీకి పైన చిన్న సంచీ మాత్రమే మిగులుతుంది కాబట్టి నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు అనిపిస్తుంది.

ఆలోచన మంచిదే. కానీ పట్టీ ఆపేది గట్టి పదార్థాన్నే. రొట్టె, మెత్తని అన్నం, పీచున్న మాంసం అక్కడ చిక్కుకుంటాయి. షర్బత్, ఐస్‌క్రీమ్, పాయసం జారిపోతాయి. ఇఫ్తార్‌లో ఆకలి మీద గబగబా సమోసా తింటే వాంతి అవుతుంది, రెండు గ్లాసుల రూహ్ అఫ్జా తాగితే ఏమీ కాదు. (అది మన యునానీ వాళ్ళు తయారుచేసినదే, అయినా చక్కెర చక్కెరే.) పట్టీ వేయించుకుని కూడా తగ్గని వారిలో చాలామంది ఈ మెత్తని దారిని కనిపెట్టినవారే.

అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పట్టీకి 2001లో అనుమతినిచ్చింది. 2011లో ఇంకాస్త తక్కువ బరువున్నవారికి కూడా వేయవచ్చని నిబంధన సడలించింది. ఆ ఏడాది అక్కడ బరువు తగ్గించే ఆపరేషన్లలో సుమారు మూడింట ఒక వంతు పట్టీలే. 2019 వచ్చేసరికి అవి నూటికి ఒకటికి పడిపోయాయి. ఎవరో నిషేధించారని కాదు. పట్టీ జారడం, జీర్ణాశయం గోడను ఒరుసుకుంటూ లోపలికి చొచ్చుకుపోవడం, బిళ్ళ దగ్గర చీము పట్టడం, గొట్టం కారడం, అన్నవాహిక సాగిపోవడం, వీటివల్ల మళ్ళీ మళ్ళీ ఆపరేషన్ చేయవలసి వచ్చింది. తగ్గే బరువూ స్లీవ్, బైపాస్ ఆపరేషన్లతో పోలిస్తే తక్కువ. దాంతో సర్జన్లే దాన్ని వదిలేశారు.

సర్జన్లు వదిలేశారు. మరి అప్పటికే పొట్టలో పట్టీ ఉన్నవాళ్ళ సంగతేమిటి?

మోకాళ్ళ నొప్పులకు నా దగ్గరికి వచ్చే ఒక ఖాలా 2009లో ఒక పెద్ద నగరంలో పట్టీ వేయించుకున్నారు. మొదటి రెండేళ్ళలో పంతొమ్మిది కిలోలు తగ్గారు. ఏడో ఏడు నుంచి రాత్రి పడుకుంటే గొంతులోకి పులుపు, దగ్గు, తిన్నది తిన్నట్టు వాంతి. పట్టీ వదులు చేయించుకుందామని వెళితే, వేసిన డాక్టరు ఆ ఆసుపత్రిలో లేరు. కొత్తగా వచ్చినవారు "మేం పట్టీలు చూడటం లేదమ్మా" అన్నారు. సూదితో ఇంత సెలైన్ తీయడానికి ఆవిడ కొడుకు నాలుగు ఆసుపత్రులు తిరిగాడు. చివరకు వేరే రాష్ట్రంలో ఒక సర్జన్ దాన్ని పూర్తిగా తీసేశారు. తగ్గిన పంతొమ్మిదిలో పదహారు కిలోలు తిరిగి వచ్చాయి. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. "వేసేటప్పుడు అందరూ ఉన్నారు హకీం సాబ్" అని మాత్రం అన్నారు.

నా అభిప్రాయమంతా ఆ మాటలోనే ఉంది. పళ్ళ సెట్టు నచ్చకపోతే తీసి గ్లాసులో పెట్టుకోవచ్చు. లోపల అమర్చినదానికి దాన్ని ఎరిగిన చేయి, కొలిచే పరికరం, విడిభాగాలు తయారుచేసే కంపెనీ ఏళ్ళ తరబడి కావాలి. కంపెనీలకు అంత ఓపిక ఉండదు. 2015లో అమెరికాలో మరో సాధనానికి అనుమతి వచ్చింది. అది చర్మం కింద పెట్టే బ్యాటరీ యంత్రం. ఆకలి కబురు మోసే వేగస్ నరానికి కరెంటు పంపి అడ్డుకుంటుంది. పరీక్షలో ఏడాదికి యంత్రం పెట్టినవారు తమ బరువులో సుమారు 9 శాతం తగ్గారు. పని చేయని నకిలీ యంత్రం పెట్టినవారు కూడా 6 శాతం తగ్గారు. అంటే వంద కిలోల మనిషికి ఆ యంత్రం వల్ల కలిగిన అసలు లాభం మూడు కిలోలు. కొన్నేళ్ళకే అది మార్కెట్టు నుంచి తప్పుకుంది.

ఇక బెలూన్. ఇది కొత్త వింతేమీ కాదు. 1985లోనే అమెరికాలో ఒక బెలూన్‌కు అనుమతి వచ్చింది, పుండ్లు, పేగులో అడ్డు వంటి ఇబ్బందులతో కొద్ది ఏళ్ళకే మూలపడింది. మెరుగైన బెలూన్లు 2015లో మళ్ళీ వచ్చాయి. నోటి గుండా దింపి, సెలైన్ నింపి, చాలా రకాలను ఆరు నెలలకు తీసేస్తారు. మొదటి వారం వికారం, వాంతులు సాధారణం. అరుదుగా ప్రాణాపాయమూ ఉంది. 2017, 2018 సంవత్సరాల్లో ఎఫ్‌డీఏ మరణాల గురించి డాక్టర్లను హెచ్చరించింది. తీసేశాక బరువు తిరిగి రావడం మాత్రం అరుదు కాదు. పైగా బెలూన్ లోపల ఉండగా గర్భం రాకూడదు. నాలుగు నెలల్లో నిఖా అవుతున్న అమ్మాయికి ఆరు నెలల బెలూన్ పెడతామన్నవారు ఈ మాట తల్లికి చెప్పలేదు. నేను చెబితే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇదంతా చదివి, హకీం కాబట్టి ఆపరేషన్లంటే పడదని అనుకోకండి. యునానీలో చికిత్స నాలుగు విధాలు. జీవనవిధానంతో, ఆహారంతో, మందుతో, చివరిది చేత్తో చేసే ఇలాజ్ బిల్ యద్, అంటే శస్త్రచికిత్స. కార్డోబా వైద్యుడు అల్ జహ్రావీ తన 'అల్ తస్రీఫ్' చివరి భాగం మొత్తం శస్త్రచికిత్సకే కేటాయించాడు. శరీర నిర్మాణం తెలియకుండా కత్తి పట్టవద్దని అందులో గట్టిగా చెప్పాడు. బీఎంఐ 35 దాటి, షుగరు, బీపీ, నిద్రలో ఊపిరి ఆగడం వంటివి ఉన్నవారు స్లీవ్ గానీ బైపాస్ గానీ చేయించుకుంటామంటే నేను ఆపను, మంచి సర్జన్ దగ్గరికి పంపిస్తాను. నూట ముప్పై కిలోల షుగరు రోగికి సఫూఫె ముహజ్జిల్ పొట్లాలు కట్టిచ్చి, ఇంగ్లీషు మందులు మానేయమనే మనవాళ్ళున్నారే, వారు పట్టీ అమ్మేవారికన్నా తక్కువ తప్పు చేయడం లేదు. 2025 నుంచి మన దేశంలో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు కూడా దొరుకుతున్నాయి. వాటికీ ఆపితే ఏమవుతుందన్న ప్రశ్న ఉంది, అది మరో వారం రాస్తాను.

స్థూలకాయాన్ని మన గ్రంథాలు సిమన్ ముఫ్రిత్ అంటాయి. బల్గం పెరిగిన మిజాజ్‌గా చెబుతాయి. ఆహారం తగ్గించడం, వ్యాయామం, మర్దనా, నిద్ర సరిచేయడం మొదట, మందు తర్వాత. ఈ వరుస పాతదే గానీ, పట్టీ వేసినా బెలూన్ పెట్టినా డాక్టర్లు చేతికిచ్చే కాగితంలో చివరికి ఇదే రాసి ఉంటుంది.

ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాను. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తుందట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట. లేడీ డాక్టరుకు చూపించి థైరాయిడ్, పీసీఓడీ పరీక్షలు చేయించమని చీటీ రాసిచ్చాను. రాత్రి పదింటికి తినే అన్నం ఏడింటికి మార్చమన్నాను, తల్లీకూతుళ్ళిద్దరూ ఫజర్ తర్వాత నలభై నిమిషాలు నడవమన్నాను. నాలుగు నెలల్లో అయిదారు కిలోలు తగ్గితే గొప్ప, పదిహేను నేను తగ్గించలేనని కూడా చెప్పాను.

"అబ్బాయి వాళ్ళు సన్నబడాలన్నారా?" అని అడిగాను. తల్లి కాసేపు ఆలోచించి, "వాళ్ళేమీ అనలేదు. మేమే అనుకున్నాం" అంది.

అమ్మాయి అప్పుడు తలెత్తింది.