తప్పు పెంపకానిది కాదు

ఇంజినీరింగ్ చదివే కుర్రాడు. నిన్నమొన్నటిదాకా బాగానే ఉన్నాడు. క్రమంగా గదిలోంచి బయటికి రావడం మానేశాడు. ఎవరో తనను తిడుతున్నట్టు వినిపిస్తోందంటాడు. అంతా కలిసి తనమీద కుట్ర చేస్తున్నారంటాడు. 'గాలి సోకింది' అంటారు ఇరుగూపొరుగూ. 'తల్లి గారాబమే చెడగొట్టింది' అంటారు చుట్టాలు. ఆ తల్లి తాయెత్తులు కట్టిస్తుంది... చాటుగా కుమిలిపోతుంది.

తల్లిని తప్పుపట్టడం మన దగ్గరే కాదు. స్కిజోఫ్రెనియాకు తల్లి ప్రవర్తన ఓ కారణమని 1948లో అమెరికాలోని మానసిక వైద్యురాలు ఫ్రీడా ఫ్రామ్ రైష్‌మన్ రాశారు. దశాబ్దాలపాటు ఎందరో అమ్మలు ఆ నింద మోశారు.

మైక్రోస్కోపు మరో కథ చెప్పింది. మెదడులోని నాడీకణం చెట్టులా ఉంటుంది. దాని కొమ్మలే డెండ్రైట్లు. వాటి నిండా ముళ్లలాంటి బుల్లి బుల్లి బొడిపెలు. పక్క కణాల నుంచి వచ్చే కబుర్లలో చాలావాటిని అందుకునేది ఇవే! పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్లాంట్జ్, లూయిస్‌లు మరణించినవారి మెదళ్లను పరిశీలించి 2000లో ఫలితాలు ప్రకటించారు. ఆలోచనకు కీలకమైన, నుదుటి వెనకుండే భాగంలోని ఒక పొరలో, స్కిజోఫ్రెనియా ఉన్నవారి కణాలపై ఈ ముళ్లు సుమారు 23 శాతం తక్కువగా ఉన్నాయి.

ఎందుకలా? ఒత్తుగా మొలిచిన చేలో రైతు కొన్ని మొక్కల్ని పీకి పైరును పలచన చేస్తాడు. టీనేజీలో మెదడూ అంతే, అక్కర్లేని కణసంబంధాలను ఏరేసుకుంటుంది. ఆ ఏరివేత శ్రుతి మించితే..? 1982లోనే ఫైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త లేవనెత్తిన అనుమానమిది. 2016లో హార్వర్డ్, బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు దానికి బలం చేకూర్చారు. సుమారు 65 వేలమంది జన్యు సమాచారాన్ని వడపోస్తే, 'సీ4' అనే జన్యువులోని కొన్ని రకాలు ఉన్నవారికి ఈ జబ్బు ముప్పు కాస్త ఎక్కువని తేలింది. ఎలుకల్లో ఈ ఏరివేతకు తోడ్పడేదీ ఆ జన్యువే. జబ్బు ఎక్కువగా టీనేజీ చివర్లో, ఇరవైల్లో బయటపడటానికీ ఇది సరిపోలుతోంది.

అలాగని ఒక్క జన్యువుతోనే జబ్బు రాదు. ఎన్నో జన్యువులు, పరిసరాలు కలిస్తేనే ముప్పు. స్కానింగ్ తీసి నిర్ధారించే వీలు కూడా ఇంకా లేదు. లక్షణాలను బట్టి సైకియాట్రిస్టే తేల్చాలి. మందులు, కుటుంబం ఆసరా ఉంటే చాలామంది మళ్లీ చదువుల్లో, ఉద్యోగాల్లో పడుతున్నారు. ఎంత తొందరగా వైద్యం మొదలుపెడితే అంత మంచిది.

ఎవరిని అడగాలో తెలియకపోతే కేంద్రప్రభుత్వ 'టెలీ మానస్' ఉంది. 14416కు ఫోన్ చేస్తే చాలు, తెలుగులోనే మాట్లాడొచ్చు. తాయెత్తు కట్టించే ముందు ఆ ఒక్క ఫోన్ చేయండి. ఇంట్లో అమ్మనూ ఓ మాటతో ఓదార్చండి... తప్పు ఆమెది కాదని!