నర్సు రాని రోజు సంగతి ఎవరికి చెప్పాలి?

అమెరికాలో ఉన్న మా అక్క పోయిన వారం ఫోన్ చేసి ఒకటే గోల. మేనల్లుడు రెండో తరగతి. వాడికి వేరుశనగ పడదు. ఒక్క పలుకు నోట్లో పడినా గొంతు వాచి ఊపిరాడదు. అందుకే స్కూల్లో నర్సు గదిలో వాడి పేరు రాసిన ఎపిపెన్ ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఇన్నాళ్ళూ అక్క ధైర్యం అదే. తీరా చూస్తే ఆ నర్సు వారానికి రెండు రోజులే వస్తుందట! మిగతా రోజులు ఇంకో స్కూల్లో. ఈ ముక్క చెప్పింది స్కూలు వాళ్ళు కాదు. "అమ్మా, ఇవ్వాళ నర్సు గదికి తాళం వేసుంది" అని మాటల్లో మాటగా వాడే చెప్పాడు.

"పైజమా డే ఉందని మూడు మెయిళ్ళు పంపుతార్రా, ఇది మాత్రం చెప్పరు" అంది అక్క.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా సర్వరు పది నిమిషాలు ఆగితే వాడేవాళ్ళందరికీ కబురు వెళ్ళాలి. ఆగినందుకు కన్నా, ఆగిందని చెప్పనందుకే ఎక్కువ తిట్లు తింటాం. పిల్లల ప్రాణాలకి ఆపాటి విలువ లేదా?

నర్సుల కొరత నిజమే. ప్రతి స్కూల్లో కనీసం ఒక ఫుల్‌టైమ్ నర్సు ఉండాలని అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2016లోనే చెప్పింది. చాలాచోట్ల ఇప్పటికీ లేరు. అది బడ్జెట్ల గొడవ, ఒక్క రోజులో తేలదు. కానీ లేరని చెప్పడానికి బడ్జెట్ ఎందుకు? 2013లో ఫిలడెల్ఫియాలో 12 ఏళ్ళ అమ్మాయికి, నర్సు లేని రోజున స్కూల్లో ఆయాసం వచ్చింది. ఇంటికొచ్చాక ఆస్పత్రికి తీసుకెళ్ళినా దక్కలేదు. నర్సు ఉంటే బతికేదా అన్నది ఎవరం చెప్పలేం. ఆ రోజు నర్సు లేదని ఇంట్లోవాళ్ళకి పొద్దున్నే తెలిసుంటే?

చెబితే తల్లిదండ్రులు కంగారు పడతారని ఒక వాదన. పడనివ్వండి! తెలిస్తే అక్క ఫోను పక్కనే పెట్టుకుంటుంది, టీచరుతో ఒక మాట చెప్పి వస్తుంది. ఎపిపెన్ నర్సే వాడాలని లేదు, నేర్పితే టీచరైనా తొడకి గుచ్చగలదు. ఇన్సులిన్ కూడా శిక్షణ ఉన్న సిబ్బంది ఇవ్వొచ్చని కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2013లో తీర్పిచ్చింది. నర్సు ఎందుకు రాలేదో మనకక్కర్లేదు, అది ఆవిడ సొంత విషయం. రాలేదన్నది మాత్రం మన విషయం.

మనవాళ్ళలోనూ తప్పుంది. అడిగితే ఏమనుకుంటారో అని, ఇచ్చిన ఫారమ్ మీద సంతకం పెట్టేసి వచ్చేస్తాం. అడగాల్సినవి మూడే. నర్సు ఏయే రోజులు ఉంటుంది? లేని రోజు మందుల బీరువా తాళం ఎవరి దగ్గర? మందు ఇవ్వడం ఎవరికి వచ్చు? పిల్లాడికి 504 ప్లాన్ ఉంటే ఈ మూడూ అందులో రాయించుకోండి.

అక్క మొన్న వెళ్ళి అడిగింది. తాళం ఆఫీసులోనే ఉంటుందట. ఎవరి దగ్గరో కనుక్కుని చెప్తామన్నారు.